తీర్థంతో మింగిన గోలీ

మొన్న గురువారం మా వెనకింటి సత్తెమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమెకు కీళ్లవాపు. నల్గొండ డాక్టరు ఇచ్చిన గోలీల సీసా కొంగులోంచి తీసి చూపించింది. చూడగానే గుర్తుపట్టాను. నేను ఏడాదిన్నర పాటు మింగిన చిన్న తెల్ల గోలీలే అవి.

"యాదగిరిగుట్ట మీద మండలం చేద్దామనుకుంటున్న వదినా. నలభై దినాలు స్వామి దగ్గర్నే ఉంటుంటే ఇంక గీ గోలీలెందుకు? ఇడిసిపెట్టి పోత" అంది.

గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను. "జర ఆగు సత్తెమ్మా, రెండు దినాలు ఆగి చెప్త" అని పంపించాను. నోటితో చెప్పబోతే నాకు ఏడుపొస్తుంది, సగం మాట మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నాను. నేను బడికి పోలేదు. మా బాపు దర్జీ. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతోనే నేల మీద నాకు అక్షరాలు దిద్దించాడు. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి. సత్తెమ్మకు నేనే చదివి వినిపిస్తాను. ఆమెలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకూ పనికొస్తుందని ఆశ.

క్రోధి నామ సంవత్సరం, అంటే అరవై నాలుగు, వైశాఖ మాసం.

మా ఇంటాయనదీ దర్జీ పనే. చిట్యాలలో రోడ్డు పక్కన మిషను వేసుకున్నాడు. కాజాలు, గుండీలు నేను ఇంట్లో కుట్టేదాన్ని. ఆ ఎండాకాలం ఒకరోజు పొద్దున ఆయన కుట్టిన రవికే నాకు పట్టలేదు. మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఆయన నవ్వాడు.

"మా అమ్మ వండిన బువ్వ మంచిగ ఒంటబడుతాంది నీకు. గిట్లయితే తానులకు తానులు నీకే పట్టాలె" అన్నాడు.

కుట్లు విప్పి వదులు చేశాడు. పది రోజుల్లో అదీ బిగుతైంది. ఈసారి నవ్వలేదు. టేపు తెచ్చి నా చీలమండ చుట్టూ పెట్టి చూశాడు. వేలితో నొక్కితే ముద్దపిండిలో నొక్కినట్టు గుంట పడి అట్లాగే ఉండిపోయింది. ఆనాటి నుంచి రోజూ పొద్దున కొలవడం మొదలైంది. ఎంతుందో చెప్పేవాడు కాదు. ఆయన ముఖం చూసి నేనే తెలుసుకునేదాన్ని.

పొద్దున లేస్తే కనురెప్పలు విడవవు. సాయంత్రానికి కాళ్లు మొద్దుల్లా అవుతాయి. పల్లేరుకాయల కషాయం తాగాను, ఉప్పు మానేశాను, శనివారాలు ఒక్కపొద్దులున్నాను. మెట్టెలు వేళ్లలోకి దిగబడి వేలు నల్లబడితే కంసాలి అవుసులాయన్ని పిలిపించారు. ఆయన కత్తెర పెట్టి మెట్టె తుంచుతుంటే మా అత్తమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. కొడుకు కళ్లముందు తిరుగుతుండగా కోడలి మెట్టెలు తీయడం ఆమె చూడలేకపోయింది.

"ఏం జరగనున్నదో తల్లీ ఈ ఇంట్ల" అని గొణిగింది.

ఆ మాట నాకు వినబడింది. అంతవరకూ రోగం నా ఒక్కదాని ప్రాణానికే అనుకున్నాను. ఆయనకూ ఏమన్నా అవుతుందేమోనన్న భయం ఆ క్షణంలో పట్టుకుంది. తుంచిన మెట్టెలను పసుపు గుడ్డలో చుట్టి మెడలో కట్టుకున్నాను.

ఆషాఢం.

పట్నంలో పెద్ద దవాఖాన వరండాలో రెండు రోజులు కూర్చున్నాం. నేను, ఆయన, మా అన్న మల్లేశం. అన్న వలిగొండ దగ్గర మా పుట్టింట్లో ఉండి సేద్యం చేస్తాడు. కబురందగానే నాగలి ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చాడు. వరండాలో కాళ్లు చాపుకునే జాగా లేదు. బుర్ఖా వేసుకున్న ఒకామె నా కాళ్లు చూసింది. తన పిల్లవాణ్ణి ఒళ్లోకి తీసుకుని, తాను పరుచుకున్న దుప్పటి నావైపు జరిపింది.

"చాపు చెల్లీ, కాళ్లు చాపు. మాకేం, మేము కూసుంటం" అంది.

ఆమె పేరు అడగలేదు. దీపం పెట్టినప్పుడల్లా ఇప్పటికీ ఆమెను తలుచుకుంటాను.

రెండోనాడు దవాఖాన నర్సు నా మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి దీపం మీద వేడిచేసింది. నీళ్లలా ఉన్నది నా కళ్లముందే పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టింది. ఒంట్లో ఉండాల్సిన సత్తువంతా మూత్రం తయారుచేసే గుర్దాల్లోంచి కారిపోతోందని ఆమె చెప్పింది. నేను ఆ గొట్టం వంకే చూస్తుండిపోయాను. నా ప్రాణమే అందులో గడ్డకట్టి కనిపించినట్టయింది.

చేర్చుకుని మంచం ఇచ్చాక పెద్ద డాక్టరు సాబు వచ్చాడు, ముసలాయన. ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. నా మంచం పట్టె మీదే కూర్చున్నాడు.

"చూడమ్మా, మన ఒంట్ల సిపాయిలుంటరు. బయట నుంచి బీమారి వస్తే కొట్టి ఎల్లగొడ్తరు. నీ సిపాయిలకు ఏం తిక్క పుట్టిందో, నీ గుర్దాలనే దుష్మన్ అనుకుని కొడ్తున్నరు. గీ గోలీ వాళ్లను పండబెడ్తది."

మా అన్న అడిగాడు: "గుర్దాలంటే మేకకుంటయి, గవ్వేనా సాబ్?"

"గవ్వే. మనిషికి గుడ రెండుంటయి."

"అట్లయితే నాదొకటి తీసి మా చెల్లెకు పెట్టుండ్రి. నాకొకటి సాలు."

పక్క మంచాలవాళ్లు నవ్వారు. డాక్టరు సాబు నవ్వలేదు. రాస్తున్న కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"బయట దేశాలల్ల పెడ్తున్నరు బేటా. ఒకరిది తీసి ఇంకొకరికి. కని ఒంట్ల సిపాయిలు ఊకుంటరా? పరాయిది వచ్చిందని దాన్ని కొట్టి ఎల్లగొడ్తరు. అందుకే వాళ్లకు గుడ గీ గోలీనే ఇస్తరు, ఇంకో మందు కలిపి. కొందరు బతుకుతున్నరు, చానమంది బతుకుతలేరు. మన దగ్గరికి అది ఇంకా రాలె. నీ చెల్లెకు ఇప్పుడు అంత అవసరం గుడ లేదు."

"వచ్చిననాడు నాకు కబురు పెట్టుండ్రి" అన్నాడు అన్న. ఎగతాళికి అనలేదు. తన ఊరి పేరు రెండుసార్లు చెప్పాడు.

తర్వాత డాక్టరు సాబు నావైపు తిరిగి రెండు మాటలు చెప్పాడు. ఒకటి, సిపాయిలు పడుకుంటే దొంగలొస్తారు కాబట్టి జ్వరమో తట్టో ఉన్న పిల్లల దగ్గరికి పోవద్దని. రెండోది ఆయన చెప్పినట్టే రాస్తాను.

"గీ గోలీ అసుంటి మందు మన ఒంట్ల తనంతల తానే తయారైతది. బయట నుంచి మనం ఇస్తుంటే ఒళ్లు సుస్తీ జేసి తయారుజేసుడు బంద్ పెడ్తది. నువ్వు ఒక్కపారి ఆపితే లోపల ఏం ఉండదు, పడిపోతవ్. గుట్టకు పోయినవా ఎన్నడన్న?"

"పోయిన సాబ్."

"దిగేటప్పుడు పై నుంచి దునికినవా?"

"లేదు సాబ్. మెట్లు దిగిన."

"గట్లనే. గోలీ గుడ మెట్టు మెట్టు నేను దింపుత. దునకొద్దు."

తలూపాను. సత్తెమ్మా, ఇది నాకు తెలియక జరగలేదు. చెప్పారు, విన్నాను, అర్థమైంది. అది నీకు ముందే తెలియాలని ఇక్కడ రాశాను.

శ్రావణం, భాద్రపదం.

నీళ్లు దిగిపోయాయి. మా ఇంటాయన టేపు పెట్టి మొదటిసారి కొలత బయటికి చెప్పాడు. చెబుతూ వెక్కాడు. కానీ గోలీలు ఒకవైపు వాపు తీసి మరోవైపు నా ముఖాన్ని మార్చేశాయి. బుగ్గలు గుండ్రంగా ఉబ్బాయి, చెంపల మీద సన్నటి నూగు మొలిచింది, మెడ వెనుక కండ లేచింది. ఇల్లు చేరిననాడు మా బిడ్డ లచ్చిమి, అప్పటికి అయిదేళ్లది, వాళ్ల నాయినమ్మ చీర వెనుక దాక్కుంది.

"అవ్వా, గీమె ఎవలు?"

"మీ అమ్మనే."

"కాదు. మా అమ్మ గిట్లుండది."

నేను మాట్లాడితే గొంతు గుర్తుపట్టి ఒక అడుగు ముందుకు వేసేది. ముఖం చూసి మళ్లీ వెనక్కి పోయేది. ఇంతలో మా వాడకట్టులో పిల్లలకు తట్టు పోసింది. డాక్టరు సాబు మాట గుర్తొచ్చి అన్నకు కబురు పెడితే, వచ్చి లచ్చిమిని తీసుకుపోయాడు. తల్లీబిడ్డలం ఒకరినొకరం గుర్తుపట్టుకోకముందే విడిపోయాం. ఇంట్లో నేను ఒక గదిలో ఉండేదాన్ని. వీధిలో ఎవరు దగ్గినా వణికిపోయేదాన్ని. సిపాయిలు నిద్రపోతున్న ఒళ్లు తలుపుల్లేని ఇల్లులా అనిపించేది.

అద్దం తిప్పి గోడకు పెట్టాను.

కార్తీకం.

అత్తమ్మ గుట్టకు మొక్కింది. యాదగిరిగుట్ట స్వామి దగ్గర రోగులు మండలం రోజులుండి, గుండంలో స్నానం చేసి, తడిబట్టలతో ప్రదక్షిణలు చేయడం మీకు తెలిసిందే. స్వామే వైద్యుడని మా నమ్మకం, నాకూ అదే నమ్మకం. కుట్టుపని ఎక్కువుండే నెల కావడంతో మా ఇంటాయన మిషను వదిలి రాలేకపోయాడు. అత్తమ్మా నేనూ వెళ్లాం. డాక్టరు సాబు అప్పటికి గోలీలు కొంత తగ్గించాడు. ఇంకా పొద్దున నాలుగు మింగాలి.

మొదటిరోజు స్నానం చేసి, గోలీల పొట్లం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. స్వామి ముందుండగా మందు మింగితే ఆయన్ని నమ్మనట్టు కాదా అనిపించింది. మా దిక్కు మొక్కు మొక్కితే పసుపు గుడ్డలో ముడుపు కడతాం. మెడలోని మెట్టెలు విప్పి కొంగున కట్టుకున్నాను. ఆ పసుపు గుడ్డలో గోలీలన్నీ పోసి మూడు ముళ్లు వేశాను. 'స్వామీ, ఇవి ఇంక నీవి. నలభయ్యోనాడు నీ హుండీలో వేస్తా' అనుకుని, సత్రం గదిలో పటం ముందు పెట్టాను. అత్తమ్మ చూసి కళ్లకద్దుకుంది. ఆమెకు డాక్టరు చెప్పిన రెండోమాట తెలియదు. నేను చెప్పలేదు.

నిజం రాయాలి. భక్తి అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నా పాత ముఖం నాకు కావాలన్న ఆశ. గోలీలు ఆపితే బుగ్గలు దిగుతాయి, నా బిడ్డ నా దగ్గరికి వస్తుంది. దానికి స్వామి పేరు అడ్డం పెట్టుకున్నాను.

మొదటి రెండు రోజులు తేలిగ్గానే ఉంది. మూడోరోజు తిన్నది నిలవలేదు. నాలుగోరోజు పొద్దున ప్రదక్షిణలో పదో చుట్టులో గోడ పట్టుకున్నాను. గోడ జారిపోయింది. తర్వాత నేల చల్లగా చెంపకు తగలడం ఒక్కటే గుర్తుంది.

చావంటే నొప్పి అనుకునేదాన్ని. అది అట్లా లేదు. నా చెయ్యి నాకు కనిపిస్తోంది, కదలమంటే కదలదు. చెమటలు కారుతున్నాయి, చుట్టూ మనుషుల మాటలు ఎక్కడో బావి లోపలి నుంచి వినిపిస్తున్నాయి. 'నరసింహా' అందామంటే నాలుక తిరగలేదు. ఆ పేరు కూడా నాకు అందకుండా పోవడమే అన్నిటికన్నా భయం.

నన్ను గదికి చేర్చింది బుచ్చమ్మ అనే ముసలామె. దేవరకొండ వైపు ఆమె, కళ్లకు పొరలొచ్చి చూపు సరిగా ఆనక మండలం చేస్తోంది. నా నుదురు తడిమింది, చెయ్యి తడిమింది.

"ఏందే, పిల్ల మంచుగడ్డ తీర్గున్నది! ఏమన్న తింటాందా?"

"తిన్నదంత కక్కుతాంది" అంది అత్తమ్మ ఏడుస్తూ.

"మందు మాకు మింగుతుండెనా?"

"పట్నం గోలీలు. ఇప్పుడు మింగుతలేదు. స్వామికి ముడుపు గట్టింది."

బుచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. "రూపాయి గడ్తరు, బియ్యం గడ్తరు. గోలీలు గట్టుడేందే తల్లీ! స్వామికేమన్న జరమొచ్చిందా?"

ఆ బాధలోనూ నాకు నవ్వొచ్చినట్టు గుర్తు. బలమంతా కూడగట్టుకుని, "ఆపొద్దన్నడు... డాక్టరు సాబు... పడిపోతవన్నడు" అన్నాను.

అత్తమ్మ నా ముఖంలోకి వంగింది. "గా మాట నాకెందుకు చెప్పలేదే అనసూయా? నేను పరాయిదాన్నా నీకు?"

ఆమె లేచి పటం దగ్గరికి పోయింది. ముడుపు మీద చెయ్యి వేసి వెనక్కి తీసుకుంది. మళ్లీ వేసి మళ్లీ తీసుకుంది. కట్టిన ముడుపు దేవుడిది. మనిషి విప్పితే ఇంటికి అరిష్టం. ఆనాడు మెట్టె తుంచుతుంటే గోడవైపు తిరిగిన మనిషి ఆమె. ఇక్కడ విప్పితే కొడుక్కు ఏమవుతుందో, విప్పకపోతే కోడలు పోతుందేమో. అదంతా నేను పడుకునే చూశాను. ఆ గోలీలు నాకు రెండు బారల దూరంలో ఉన్నాయి. నేనే ముళ్లు వేశాను.

"నువ్వు ఇప్పకు, నేనూ ఇప్ప. ఎవలిదో వాళ్లనే అడుగుదాం ఉండు" అని బుచ్చమ్మ గోడ తడుముకుంటూ బయటికి పోయింది. మెట్ల మీద ఆమె కేక దూరమయ్యేదాకా విన్నాను. "అయ్యగారూ! ఓ అయ్యగారూ! జర బిరాన రాండ్రి!"

ఎంతసేపైందో తెలియదు. గుడి పూజారి అయ్యగారు వచ్చి గుమ్మంలోనే నిలబడి అంతా విన్నారు. నన్నొక్క మాట అడిగారు.

"స్వామికి ఇచ్చేసినట్టేనా అమ్మా?"

కళ్లతోనే అవునన్నాను.

"అయితే ఇది నీది కాదు, మీ ఇంటిదీ కాదు. స్వామి సొత్తు నేను విప్పొచ్చు" అని మూడు ముళ్లూ విప్పారు. గోలీలను తులసి ఉన్న పళ్లెంలో పోసుకుని గబగబా గుడిలోకి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక చేతిలో పళ్లెం, ఇంకో చేతిలో తీర్థం.

"ఆయనకు పెట్టింది ఆయన దగ్గరే ఉంచుకుంటాడా? కొబ్బరికాయ కొడితే చిప్ప ఇస్తాడు, పూలు పెడితే పువ్విస్తాడు. ఇదీ అంతే. ప్రసాదం వద్దనకూడదు. నోరు తెరువు."

అత్తమ్మ నా తల ఒళ్లో పెట్టుకుంది. మొదటిసారి కక్కేశాను. రెండోసారి బుచ్చమ్మ నా గదుమ పట్టుకుంది. తీర్థంతో పాటు గోలీ దిగింది. పచ్చకర్పూరం వాసన, వెనుక గోలీ చేదు. ఆ రెండూ కలిసిన రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

దానితోనే లేచి కూర్చున్నానని రాస్తే అబద్ధమవుతుంది. అయ్యగారే టాంగా మాట్లాడి, "ఇక్కడ కూర్చోబెట్టకండి, దవాఖానకు పోండి" అని మమ్మల్ని రాయగిరి స్టేషనుకు పంపారు. అక్కడి నుంచి రైలు. పట్నం చేరేదాకా అత్తమ్మ నా చెవిలో స్వామి పేరు చెబుతూనే ఉంది, నేను అనలేనిది ఆమె అంది. దవాఖానలో సూదులు, సెలైన్ ఎక్కించారు. రెండోనాటికి నా చెయ్యి నా మాట విన్నది. డాక్టరు సాబు వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. కోపంగా ఉన్నాడు. ఒక్క మాటే అడిగాడు.

"దునికినవా?"

"గుట్ట మీంచే దునికిన సాబ్" అని ఏడ్చాను.

ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు. "మీ దేవుడు మంచోడమ్మా. పట్టుకున్నడు. ప్రతిసారి పట్టుకుంటడని దునకకు."

మాఘం, ఆ తర్వాత.

మళ్లీ గుట్టకు పోయి మండలం పూర్తిచేశాను. ఈసారి రోజూ పొద్దున తీర్థం చేతిలో పోయించుకుని దాంతోనే గోలీలు మింగాను. అయ్యగారు చూసి తలూపేవారు. బుచ్చమ్మ మండలం ముగించుకుని అప్పటికే వెళ్లిపోయింది. ఆమె కళ్లు బాగయ్యాయో లేదో తెలియదు. ఆమె పేరున రోజూ ఒక ప్రదక్షిణ ఎక్కువ చేశాను. నా ప్రాణం నిలిపిన ఆమెకు నా ముఖం ఎట్లుంటుందో కూడా తెలియదు.

గోలీలు నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, ఆఖరికి అర. ఒక్కో మెట్టుకు నెలలు పట్టింది. మెట్టు దిగినప్పుడల్లా వాపు తిరిగొస్తుందేమోనని వణికాను. ఒకసారి వచ్చింది కూడా. మళ్లీ పైమెట్టుకు ఎక్కించి మళ్లీ దింపారు. విశ్వావసు నామ సంవత్సరం పుష్యంలో ఆఖరి అర గోలీ మింగాను. బుగ్గలు మాత్రం అంతకు ముందే మెల్లగా దిగాయి. అన్న లచ్చిమిని తీసుకొచ్చిననాడు అది గుమ్మంలో నిలబడి నన్ను చాలాసేపు చూసింది.

"అమ్మా, నువ్వెప్పుడొచ్చినవ్?" అంది.

ఎక్కడికో పోయి వచ్చినట్టే అడిగింది. అబద్ధమేం కాదు కదా.

ఇప్పుడు నా కాళ్లకు కొత్త మెట్టెలున్నాయి. భయం పోయిందని మాత్రం అనను. ఇప్పటికీ మా ఇంటాయన మిషను దగ్గరికి పోయేముందు టేపు నా చీలమండకు పెడతాడు. "ఎంత?" అంటాను. "నిన్నటంతే" అంటాడు. ఆ మాట వినేదాకా నేను ఊపిరి వదలను.

సత్తెమ్మ రేపు గుట్టకు పోతుంది. ఇదంతా ఆమెకు ఇందాక చదివి వినిపించాను. గోలీల సీసా నా చేతిలో పెట్టింది. ఆనాడు అయ్యగారు తిరిగిచ్చిన పసుపు గుడ్డ పెట్టెలోంచి తీశాను. నలభై రోజులకు సరిపడా గోలీలు అందులో పోసి, మడత పెట్టి ఆమె ఒళ్లో పెట్టాను. ముడి మాత్రం వేయలేదు.